ములుగుల ఒక్క నిమిషం ఆగు

బిడ్డా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నా, నీ కోడలు కారు కొన్నది, ఇగ ఏటూరునాగారం డ్యూటీకి తనే నడుపుకుంట పోతదట" అన్నది. తింటున్న కంచం పక్కన పెట్టి మీ అత్తను పిలిచి చెప్పిన. మన ఇంట్ల ఆడపిల్ల తన జీతం పైసలతోని కారు కొనుడు ఇదే మొదలు. మస్తు సంబురమైంది. పండుకున్నంక మాత్రం నిద్ర రాలే. ఆ తొవ్వల ములుగు అవతల పస్రా ఊరు దాటినంక వచ్చే అడవే కండ్లల్ల తిరిగింది.

అందుకే రాస్తున్న. ఫోన్‌ల చెప్తే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తవు.

ముందుగాల ఒకటి అడుగుత. నలభై ఏండ్లకు దగ్గర పడ్డది నేను పానా పట్టి. కొనేముందు ఒక్కసారి నన్ను పిలవబుద్ధి కాలేదా నీకు? "స్టార్ట్ చేసి చూపిచ్చిండ్రు, సప్పుడే లేదు" అన్నవట. నువ్వు పోయేసరికి బానెట్ చల్లగ ఉండెనా, వేడిగ ఉండెనా? చెయ్యి పెట్టి చూసినవా? కొన్ని రోగాలు ఇంజిన్ చల్లగున్నప్పుడే బయటపడ్తయి. ఇంజిన్ లోపలి చైన్ వదులైతే పొద్దుగాల మొదటి స్టార్ట్‌కు రెండు మూడు సెకండ్లు గరగర అని ఆగిపోతది. పిస్టన్ అరిగితే చల్లగున్నంతసేపు డొల్లగ కొట్టి, వేడెక్కంగనే సదురుకుంటది. అమ్మేటోడు ముందే వేడి చేసి పెడితే నీకు ఇయ్యేవీ వినపడవు. సరే, అయిందేదో అయింది. ఇగ ఆ మాట ఎత్తను.

ఆయిల్ పుల్ల వారానికోసారి తీసి చూడు. కూలెంట్ ఇంజిన్ చల్లగున్నప్పుడే చూడు. స్టెప్నీల గాలి, జాకీ, టార్చిలైట్. ఇవి నీకు చెప్పక్కర లేదు.

సప్పుళ్ల సంగతే చెప్పాలె. దవాఖానకు కడుపునొప్పి అని వచ్చినోళ్లను నువ్వేం అడుగుతవు? ఎక్కడ, ఎప్పటిసంది, తిన్నంకనా తినకముందా అని అడగవా? బండిని గూడ అట్లనే అడగాలె. బండి నిలబడి ఉన్నప్పుడు, న్యూట్రల్‌ల రేస్ ఇస్తే వస్తుందా? వస్తే అది ఇంజిన్ దిక్కుది. నడిచేటప్పుడే వస్తే కింద చూడాలె. అప్పటికీ తెల్వకపోతే, ఖాళీ రోడ్డు మీద ఒకటే స్పీడుల పోతూ నాలుగో గేరుల నుంచి మూడుకు మార్చి చూడు. సప్పుడు గూడ దానితోని మారితే ఇంజిన్‌ది. స్పీడు ఒకటే ఉన్నందుకు సప్పుడు గూడ అట్లనే ఉంటే చక్రాలదో, యాక్సిల్‌దో.

నీది 2012 వాగన్ ఆర్ అన్నరు. 998 సీసీ, మూడు సిలిండర్లు. నిలబడ్డప్పుడు కొంచెం వణుకుతది, దానికి భయపడకు. పైన సన్నగ టిక్ టిక్ అంటే వాల్వులను తట్టే టాపెట్లు కావచ్చు, ఇంజెక్టర్లు కావచ్చు, సైలెన్సర్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకైనా కావచ్చు. గ్యాస్కెట్‌దైతే చల్లగున్నప్పుడు ఎక్కువుండి, ఇనుము వేడికి సాగినంక తగ్గుతది. పొద్దుగాల కీచుమని అరిచేది బెల్ట్. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లితే ఒక్క క్షణం ఆగుతది, అప్పుడు తెలిసిపోతది. ఇవన్ని వారం పది రోజులు ఓపిక పట్టే సప్పుళ్లు. పైన మోగే సన్న సప్పుడుకు నేను ఏనాడూ భయపడలే. కిందికెల్లి వచ్చే లోతు సప్పుడుకే భయపడ్త. ఎందుకో నీకు ఎన్నడూ చెప్పలే. మీ అమ్మకు గూడ తెల్వదు.

1996ల, మేడారం జాతర ఏడు. నాకు ఇరవై తొమ్మిదేండ్లు. ఉస్తాద్ దగ్గరికెల్లి బయటికొచ్చి సొంత షెడ్డు పెట్టి ఏడాది. బడిల లెక్కలు చెప్పే సారు ఒకాయన తన పద్మిని కారు తెచ్చిండు. జనం పెరగకముందే, జాతరకు రెండు వారాల ముందు, ఇంటిల్లిపాది పోయి బంగారం అప్పజెప్తరట. వాళ్ల అమ్మకు నిలువెత్తు బంగారం మొక్కుకున్నరు. మేడారంల బెల్లాన్నే బంగారం అంటరు గద, ఆమె బరువంత బెల్లం డిక్కీలకు ఎక్కాలె. "ఏదో సప్పుడైతంది, జర చూడు" అన్నడు.

బానెట్ లేపి, నిలవెట్టి విన్న. టాపెట్లు టిక్ టిక్ అంటున్నయి. దానికింద ఇంకోటి ఉండె. మెత్తగ, లోతుగ, పక్కింట్ల రోకలితోని దంచినట్టు. నాకు వినపడ్డది బిడ్డా. కాని ఆ రోజు షెడ్డుల ఇంకా నాలుగు బండ్లు వరుసగ నిలబడ్డయి, అన్ని జాతరకు పోయేటియే. టాపెట్ల సప్పుడే కిందికి దిగి అట్ల మోగుతందని నాకు నేనే నచ్చజెప్పుకున్న. సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి టాపెట్లు సరిచేసిన. ఆయిల్ మార్చి, కొంచెం చిక్కటిది పోసిన. చిక్కటి ఆయిల్ బేరింగ్ సందుల నిలబడి దెబ్బను మెత్తగ చేస్తది. రోగం అట్లనే ఉంటది, సప్పుడే అణుగుతది.

రోడ్డెక్కి నడపలే. మనుషులను ఎక్కిచ్చుకొని ఎత్తు మీద లాగిచ్చి వినలే. ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటి పీకి చూసినా అయిదు నిమిషాలల్ల తెలిసేది. వైరు పీకిన సిలిండర్‌ల మంట లేకపోతే పిస్టన్ రాడ్‌ను గట్టిగ కిందికి తన్నదు. అందుకే ఏ వైరు పీకితే ఆ దబ్బుదబ్బు తగ్గుతదో, ఆ రాడ్ బేరింగే పోయినట్టు. ఉస్తాద్ ఈ ముచ్చట నాకు మొదటి ఏడాదే నేర్పిండు. (నీ బండిల ఇది నువ్వు చెయ్యకు. ప్లగ్గు మీదనే కాయిల్ ఉంటది, షాక్ కొడతది. మెకానిక్ కనెక్టర్ తీసి చూస్తడు.)

బండి నేను ఆలస్యంగ ఇచ్చినందుకు వాళ్లు మాపటేళ బయలెల్లిండ్రు. పస్రా దాటి అడవిల పడ్డంక, చీకటి పడేయాళ్ల, రాడ్ తెగింది. తెగిన రాడ్ బ్లాకును పలగొట్టుకొని బయటికొచ్చింది, ఆయిలంత రోడ్డు మీద పోయింది. సారు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, దమ్ము రోగం ఉన్న ముసలామె. చలి. అప్పుడు ఫోన్లు యాడివి? ఒక లారీ వచ్చింది కాని ఆగలే. ఎండుటాకులు ఏరి మంట పెట్టుకుంటె ఆ పొగకు ముసలామెకు దమ్ము ఇంకా ఎక్కువైంది. తెల్లారి బస్సొచ్చేదాక ఆ రోడ్డు మీదనే కూసున్నరు. ముసలామెను వరంగల్ తెచ్చి ఎంజీఎం దవాఖానల తొమ్మిది రోజులు ఉంచిండ్రు. బతికింది. ఆమె బతికిందన్న మాట తలుసుకొని నేను ఇప్పటికీ దండం పెట్టుకుంట.

మూడో నాడు సారు షెడ్డుకొచ్చిండు. తిట్టలే. "ఆ సప్పుడు నీకు వినపడలేదా?" అని ఒక్కటే అడిగిండు.

"వినపడలేదు సార్" అన్న.

ఇంజిన్ దింపి విప్పితే మూడో రాడ్ బేరింగ్ పొర మొత్తం అరిగి లోపలి రాగి కనపడ్తంది. ఆయిల్ వచ్చే బొర్రల మడ్డి పేరుకపోయి ఉన్నది. పాత బ్లాక్ ఒకటి నా పైసలతోని కొన్న. నెల రోజులు రాత్రిపూట కూసోని ఇంజిన్ కట్టిన, కూలి తీసుకోలే. బండి అప్పజెప్పే రోజు సారు చేతుల తాళంచెవి పెట్టి, "ఆ రోజు నాకు వినపడ్డది సార్" అని చెప్పిన. ఆయన ఏమనలే. బండి తీసుకొని పోయిండు, మళ్ల నా షెడ్డుకు రాలే. ఆ బేరింగ్ సగం ముక్క నా డబ్బల ఉన్నది. నువ్వు వచ్చినప్పుడు చూపిస్త.

సప్పుడు వినపడంగనే, "ఏం కాదులే, టాపెట్లే కావచ్చు" అని మనసు ఒక మాట చెప్తది. డ్యూటీకి లేటైతున్నప్పుడు ఇంకా గట్టిగ చెప్తది. ఆ మాట నమ్మకు.

కింది సప్పుళ్లు తొందరగ చెప్త. స్టీరింగ్ పూర్తిగ తిప్పి మలిపేటప్పుడు టక టక అంటే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్. వంగి చక్రం లోపలి దిక్కు చూడు, రబ్బరు బూట్ చిరిగి గ్రీసు చిల్లి ఉంటది. బూట్ చిరిగిన నాడే మార్పిస్తే జాయింట్ బతుకుతది. స్పీడు పెరిగినకొద్ది విమానం లెక్క గుయ్యిమంటే చక్రం బేరింగ్. బండి ఎడమకు మలిగితే బరువు కుడి దిక్కు పడ్తది, అప్పుడు గుయ్యిమనుడు పెరిగితే కుడి బేరింగ్ పోయినట్టు. రోడ్డు మారంగనే సప్పుడు మారితే అది టైర్లది. క్లచ్ తొక్కితే సప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్, తొక్కితే పోతే గేర్‌బాక్స్ లోపలి బేరింగ్. ఎత్తు మీద పెద్ద గేరుల లాగితే డబ్బల గోలీలు ఊపినట్టు అంటది. అప్పుడు గేరు తగ్గించు. తగ్గించినా పోకపోతే నా దగ్గరికి తీసుకొనిరా.

ఎర్రగ ఆయిల్ డబ్బ బొమ్మ వెలిగితే మాత్రం ఆలోచన వద్దు. పక్కకు తీసి ఇంజిన్ బంద్ చెయ్యి. ఇంకో ఊరు దాకా పోదామనుకోకు. ఆయిల్ ఒత్తిడి లేకుంట నడిపితే ఇంజిన్ నిమిషాలల్ల ఖతమైతది. పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వేరే, అది మిణుకుమనకుంట నిలకడగ వెలిగితే మెల్లగ చూపిచ్చుకోవచ్చు.

ఇప్పుడు నేను బతిమాలుకునేది ఒకటున్నది. పోయిన ప్రతిసారి ములుగుల ఆగు. హన్మకొండ నుంచి అక్కడికి పోయేసరికి ఇంజిన్ మంచిగ వేడెక్కుతది, ఆయిల్ పల్చగైతది. చల్లగున్నప్పుడు దాసుకున్న బేరింగ్ సప్పుడు అప్పుడే బయటికొస్తది. బానెట్ లేపి, ఏసీ, ఫ్యాన్ బంద్ చేసి, ఒక్క నిమిషం విను. కొంచెం కొంచెం రేస్ ఇచ్చి, వదిలేటప్పుడు గూడ విను. కింద దబ్బుదబ్బు ఉంటే బండి అక్కడ్నే పెట్టు, బస్సెక్కి పో. నాకు ఫోన్ చెయ్యి. రాత్రి రెండైనా నేను వస్త. ములుగుల మనుషులున్నరు, దుకాణాలున్నయి. పస్రా దాటినంక చీకట్ల ఒక్కతివి నిలబడుడు నేను ఊహించుకోలేను. నైట్ డ్యూటీ దిగి నిద్ర కండ్లతోని మాత్రం అసలే నడపకు, అక్కడే పండుకొని రా.

నాకు ఇప్పుడు ఎడమ చెవి సరిగ వినపడ్తలేదు. పెద్ద స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనిచ్చి, పిడి చెవి ముందర ఎముకకు పెట్టుకుంటె ఇంకా మంచిగ తెలుస్తది. నీ చెవులు నాకు కావాలె. శనివారం మాపటికే బండి తెచ్చి మా వాకిట్ల పెట్టు, మీ అత్త నీకోసం సర్వపిండి చేస్తనన్నది. తెల్లారినంక నేను బయటికొచ్చేదాక స్టార్ట్ చెయ్యకు.

నీ మామ