సమాధానం: ‘అవును మేడమ్’ దగ్గరే ఆగిపోయే పిల్లలు
మేడమ్, హన్మకొండలో మీ అడ్మిషన్ ఇంటర్వ్యూలకు ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చే ఇంటర్ పిల్లలు "అవును మేడమ్" దాటి మాట్లాడటం లేదన్నారు. చిక్కు ప్రశ్నలోనే ఉంది. "సైన్స్ ఇష్టమేనా?" అంటే ఇంకేం చెబుతారు? "ప్రాక్టికల్స్‌లో ఏ ప్రయోగం సరిగ్గా రాలేదు? అప్పుడేం చేశావమ్మా?" అని అడిగి చూడండి. అడిగాక మీరు ఊరుకోవాలి, అసలు కష్టం ఇదే. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదులను గమనించారు. ప్రశ్న వేశాక టీచర్లు జవాబు కోసం సుమారు ఒక్క సెకనే ఆగేవారు. 3 సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి. తర్వాత వాళ్లన్న మాటనే పట్టుకుని ఇంకో ప్రశ్న వేయండి. పక్కనుంచి నాన్నే జవాబిస్తుంటే (ఇది మామూలే), ఆయనతో విడిగా మాట్లాడతానని మర్యాదగా బయట కూర్చోబెట్టండి. ఇంగ్లిష్‌కు టెన్షన్ పడితే తెలుగులోనే చెప్పమనండి.