అవిడ్ ట్యూటర్ జవాబు ఎందుకు చెప్పడంటే

నమస్కారమండీ. శాన్ డియేగోలో తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయికి అవిడ్ (పిల్లల్ని కాలేజీ చదువుకు సిద్ధం చేసే స్కూలు కార్యక్రమం) క్లాసులో ట్యూటర్ జవాబు చెప్పకుండా తిరిగి ప్రశ్నలే వేస్తున్నాడని, మాన్పించాలా అని అడిగారు. దయచేసి మాన్పించకండి, ఆ పద్ధతే అంత.

1980లో మేరీ కేథరిన్ స్వాన్సన్ అనే టీచరు మీ ఊళ్లోనే, క్లెయిర్‌మాంట్ హైస్కూల్లో 32 మందితో దీన్ని మొదలుపెట్టారు. మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ మాటతో చూస్తే సులువుగా అర్థమవుతుంది: పిల్లలు ఒంటరిగా చేయలేనిది, తోడుంటే చేయగలరు. నేర్చుకోవడం ఆ మధ్యలోనే జరుగుతుంది. జవాబు చెప్పేస్తే ఆ అవకాశం పోయినట్టే.

మా అబ్బాయి మొదట్లో ‘ఈ లెక్క రాదు’ అని రాసుకెళ్తే అవిడ్ ట్యూటర్ ఒప్పుకోలేదు. ఎక్కడ ఆగాడో అక్కడిదాకా చేసి తెమ్మన్నారు. బ్రాకెట్ విప్పేటప్పుడు మైనస్ గుర్తు మార్చట్లేదని వాడే కనిపెట్టాడు! ఇలా సొంతంగా గెలిచిన అనుభవమే ‘నావల్ల అవుతుంది’ అనే నమ్మకానికి అన్నిటికన్నా బలమని మనస్తత్వవేత్త బండూరా చెప్పారు.

మీరు చేయాల్సింది ఒకటే. రాత్రి తన కార్నెల్ నోట్సులో (పేజీని రెండుగా విడదీసి కుడివైపు పాఠం, ఎడమవైపు ప్రశ్నలు రాసుకునే పద్ధతి) కుడివైపు చేత్తో మూసి, ఎడమవైపు రాసుకున్న ప్రశ్నలు అడగండి. పది నిమిషాలు చాలు. టెన్షన్ పడితే ఆపేయండి.