షెల్ స్క్రిప్టులో ఇన్‌పుట్: ముందు రూపం చూడు, తర్వాతే లెక్క

నాయనా,

యూజర్ టైప్ చేసినదాన్ని ‘రీడ్’ (read) కమాండ్‌తో తీసుకుని నేరుగా పోల్చేస్తున్నావు. అక్కడే పప్పులో కాలేస్తున్నావు. షెల్‌కి, అంటే మన కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్‌కి, వచ్చేదంతా టెక్స్టే. చదరపు బ్రాకెట్లో ‘మైనస్ జీటీ’తో (-gt, ‘కంటే పెద్దదా’ అని) పోల్చేచోట అక్షరాలు వస్తే తెర మీద ఎర్రర్ పడుతుంది, స్టేటస్ (కమాండ్ చివర వదిలే సంఖ్య, 0 అయితేనే సరి) 2 వస్తుంది, ‘ఇఫ్’ దాన్ని ‘కాదు’ అనుకుని ‘ఎల్స్’లోకి పోతుంది. స్క్రిప్టు ఆగదు. ‘100 దాటితే ఆపు’ అని రాసుకున్నచోట చెత్త విలువ దర్జాగా లోపలికొచ్చేస్తుంది.

అందుకని ముందు రూపం చూడు. దానికి ‘కేస్’ చాలు: ''|*[!0-9]* అనే పాటర్న్‌కి తగిలితే తిరస్కరించు. ఖాళీగా ఉన్నా, అంకె కానిది ఒక్కటున్నా ఇక్కడే దొరికిపోతుంది. మైనస్ సంఖ్యలూ కావాలంటే మొదటి గుర్తు ఒక్కటి తీసేసి మిగతాది ఇదే పరీక్షకు పెట్టు. దశాంశాలు బ్యాష్ (bash అనే షెల్) లెక్కకు అందవు, వాటిని ఆక్ (awk) అనే ప్రోగ్రామ్‌కి అప్పగించు.

అన్నీ అంకెలేనని తేలినా అప్పుడే నిశ్చింత పడకు. $((08+1)) అని ఇచ్చి చూడు, బ్యాష్ ఒప్పుకోదు. సున్నాతో మొదలైతే ఆక్టల్ (0 నుంచి 7 దాకా అంకెలే ఉండే పద్ధతి) కింద లెక్క, అందులో 8 అనే అంకె లేదు. నెల నంబరు తీసుకునే స్క్రిప్టు జూలై దాకా బాగా నడిచి ఆగస్టులో పడిపోయేది ఇందుకే. 010 ఇంకా చెడ్డది: ఏ ఎర్రరూ లేకుండా 8 అయిపోతుంది. బ్యాష్‌లో వేరియబుల్ ముందు 10# పెడితే (10#$n లాగా) మామూలు పది అంకెల లెక్కే అవుతుంది, ఈ బెడద పోతుంది. పొడవు కూడా చూడు. 9223372036854775807 దాటిన సంఖ్య లెక్కలో తారుమారవుతుంది, కాబట్టి నీకు కావలసినన్ని అంకెలకే హద్దు పెట్టు. కనిష్ఠం, గరిష్ఠం పోల్చడం ఆ తర్వాతే.

ఈ వరస తప్పకు. బ్యాష్‌లో లెక్కలోకి వెళ్ళిన టెక్స్టులో అర్రే ఇండెక్స్ (x[...] లాంటిది) రూపంలో ఎవరైనా కమాండ్ దాచి పంపితే, అది నిజంగానే నడిచిపోతుంది.

పేర్లు, ఫైల్ పేర్ల విషయంలో పనికిరాని అక్షరాల జాబితా రాయకు, ఏదో ఒకటి మర్చిపోతావు. ఒప్పుకునేవే రాసుకో. అక్షరాల రేంజ్ (a-z లాంటిది) లొకేల్‌ని, అంటే భాషా సెట్టింగ్‌ని బట్టి మారుతుంది గనక ‘ఎల్‌సీ ఆల్’ని ‘సీ’గా (LC_ALL=C) పెట్టుకో. వేరియబుల్ ఎక్కడ వాడినా డబుల్ కోట్స్‌లోనే వాడు. హైఫన్‌తో మొదలయ్యే ఫైల్ పేరును కమాండ్ ఆప్షన్‌ అనుకుంటుంది, దాని ముందు -- పెట్టు. ‘రీడ్’కి ‘మైనస్ ఆర్’ (-r) ఇవ్వకపోతే బ్యాక్‌స్లాష్‌లు మాయమవుతాయి.

తప్పు ఇన్‌పుట్ వస్తే మళ్ళీ అడిగే లూప్‌లో ‘రీడ్’ స్టేటస్ కూడా చూడు. ఇన్‌పుట్ అయిపోయాక అది విఫలమవుతూనే ఉంటుంది, నీ లూప్ తిరుగుతూనే ఉంటుంది. ఎర్రర్ మాటలు >&2 (ఎర్రర్ల కోసం వేరుగా ఉండే దారి) వైపు పంపి, సున్నా కాని స్టేటస్‌తో బయటికి రా. రాయడం అయ్యాక ఖాళీ ఎంటర్, ఒక్క స్పేస్, 08, -5, 3.5, * ఇచ్చి పరీక్షించు.