హాల్లో టీవీ మానేసి ప్రొజెక్టర్ పెట్టుకోవచ్చా? తిరుపతిలో మా ఇంటి అనుభవం

కరకంబాడి రోడ్డులో కొత్త ఫ్లాట్‌కు మారుతున్నామని, ఇంటీరియర్ పని నడుస్తోందని, 65 అంగుళాల టీవీకి పెట్టే డబ్బుతో వంద అంగుళాల ప్రొజెక్టర్ వస్తుందంటున్నారు కాబట్టి హాల్లో టీవీ పూర్తిగా మానేయొచ్చా అని అడిగారు. మాది కొర్లగుంట. మా హాల్లో కొన్నేళ్లుగా ప్రొజెక్టర్ ఉంది, రోజూ వాడుతున్నాం. ఆ ధైర్యంతో చెప్తున్నాను.

మీ ఇంట్లో టీవీ సాయంత్రం ఏడు దాటాకే పెడతారా, నిశ్చింతగా మానేయండి. పొద్దున్నుంచీ మోగుతూనే ఉంటుందా, మానకండి. బ్రాండు, ధర, 4కె అన్నీ ఆ తర్వాతి సంగతి.

మా ఇంట్లో అవ్వ ఉంది. తెల్లారుజామున సుప్రభాతంతో టీటీడీ భక్తి ఛానల్ ఎస్వీబీసీ పెడితే మధ్యాహ్నం కల్యాణోత్సవం అయ్యేదాకా రిమోట్ ఎవరి చేతికీ రాదు. తిరుపతిలో పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇది మామూలే కదా. మా హాలుకు తూర్పు వైపు పెద్ద కిటికీ. మామూలు కర్టెన్లు వేసినా పొద్దున తొమ్మిదికల్లా తెర మీద బొమ్మ వెలవెలబోతుంది. బ్రహ్మోత్సవాల ఏడో రోజు చూస్తే ఈ తేడా మొత్తం అర్థమైపోతుంది. పొద్దున సూర్యప్రభ వాహనం, రాత్రి చంద్రప్రభ వాహనం. పొద్దున స్వామివారి మెడలో ఎర్రటి పూలదండలు మా తెర మీద ఉతికి ఆరేసిన గులాబీ రంగులో కనిపించాయి. వాహనం మీది బంగారానికీ వెనకున్న గోడకూ తేడా తెలియలేదు. అదే తెర, అదే ప్రొజెక్టర్, రాత్రి లైట్లు ఆర్పేసి పెడితే గొడుగుల అంచున ఊగే కుచ్చులు కూడా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. అవ్వకు శుక్లాల ఆపరేషన్ అయింది. "పొద్దున సామి మసగ్గా ఉంటే మళ్లీ నా కండ్లే పోయినాయేమో అనుకుంటి" అనింది.

కారణం చాలా చిన్నది. ప్రొజెక్టర్ నలుపును వేయలేదు. నల్లగా ఉండాల్సిన చోట వెలుగు వేయకుండా ఊరుకుంటుంది, అంతే. అక్కడ కనిపించేది ఆ గదిలోని వెలుతురు పడిన మీ తెల్ల గోడే. కాస్త లెక్క కూడా చూద్దాం. వంద అంగుళాల బొమ్మ అంటే సుమారు ఏడుంపావు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పైచిలుకు ఎత్తు, అంటే 2.75 చదరపు మీటర్లు. 2000 ఆన్సీ ల్యూమెన్ల (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు లెక్క) ప్రొజెక్టర్ దాని మీద 720 లక్స్ (ఒక్కో చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు) దాకా వెలుగు వేస్తుంది. పగలు కిటికీలు తెరిచిన హాల్లో గోడ మీద 200, 300 లక్స్ ఉండటం వింతేమీ కాదు. అంటే అత్యంత తెల్లటి భాగం నలుపు కంటే మూడు నాలుగు రెట్లే వెలుగు. బొమ్మలో పస ఎక్కడి నుంచి వస్తుంది? రాత్రి అదే నిష్పత్తి వందల్లోకి పోతుంది.

ఇక ఆన్‌లైన్లో పది, పన్నెండు వేలకు వచ్చే చిన్న డబ్బాల సంగతి. మా బావమరిది ఒకటి తెప్పించాడు. పెట్టె మీద "9000 ల్యూమెన్స్" అని పెద్దక్షరాలతో ఉంది. ఆ అంకె ముందు ఆన్సీ అని గానీ ఐఎస్ఓ అని గానీ లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఆ ధరలో అసలు వెలుగు తరచుగా రెండు మూడు వందల ఆన్సీ ల్యూమెన్లే. మీ ఇంట్లో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైట్ డబ్బా ఉంటే తిప్పి చూడండి, 2000 ల్యూమెన్లు అని రాసి ఉంటుంది. ట్యూబ్‌లైట్ వేస్తే ప్రొజెక్టర్ ఎందుకు ఓడిపోతుందో ఇక వేరే చెప్పక్కర్లేదు. అలాగే "4కె సపోర్ట్" అన్నదీ మాటల గారడీ. 4కె వీడియో పెడితే తీసుకుంటుందని దానర్థం, గోడ మీద 4కె పడుతుందని కాదు. స్పెసిఫికేషన్లలో నేటివ్ రిజల్యూషన్ (ప్రొజెక్టర్ నిజంగా వేసే చుక్కల లెక్క) అనే లైను వెతకండి. అక్కడ 1920×1080 కంటే తక్కువుంటే హాలుకు వద్దు. పడకగదిలో పిల్లల కార్టూన్లకైతే మీ ఇష్టం.

ఇంటీరియర్ పనిలో ఉన్నారు కాబట్టి దూరం లెక్క ఇప్పుడే చూసుకోండి. ప్రతి మోడల్‌కూ త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది, బొమ్మ వెడల్పుకు అన్ని రెట్ల దూరంలో పెట్టాలని. 1.2 ఉంటే వంద అంగుళాలకు 8.7 అడుగులు చాలు. 1.5 అయితే దాదాపు 11 అడుగులు కావాలి, పైగా ప్రొజెక్టర్ ఒళ్లు, వెనక కేబుళ్లు కలిపి ఇంకో అడుగు. మన ఫ్లాట్లలో హాలు వెడల్పు పది పదకొండు అడుగులే ఉంటుంది. తెర ఏ గోడకు వస్తుందో తేల్చకుండా మోడల్ ఎంచుకోవద్దు. గోడ కిందే టీపాయ్ మీద పెట్టుకునే అల్ట్రా షార్ట్ త్రో రకాలు అర మీటరు దూరంలోంచే వేస్తాయి గానీ వాటి ధరకు మంచి పెద్ద టీవీయే వచ్చేస్తుంది, దానికి తగ్గ ప్రత్యేక తెర ఖర్చు వేరే. ఏదో మూలన పెట్టి కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సర్దుకోవచ్చు అని షాపువాళ్లు చెప్తారు. నమ్మొద్దు. ఆ సర్దుబాటు బొమ్మను లోపలే కుదించి వంకర తీస్తుంది, కాబట్టి పదును తగ్గుతుంది. తెరకు ఎదురుగా నిటారుగా బిగించడమే మేలు.

గోడ మీదే వేసుకుంటామంటే పుట్టీ పెట్టి మెరుపు లేని తెల్ల రంగు కొట్టించండి. రంగు వేసే ముందు చీకట్లో టార్చిని గోడకు ఆనించి పక్కగా వేసి చూడండి. పగలు నున్నగా కనిపించిన గోడ మీద కరణె రుద్దిన గీతలన్నీ నీడలతో బయటపడతాయి. మేస్త్రీ ఊళ్లో ఉండగానే ఆ పని చేయించుకుంటే మంచిది.

సౌండు మర్చిపోకండి. ప్రొజెక్టర్ మన వెనక, బొమ్మ మన ముందు. దానిలోని స్పీకరే వాడితే హీరో గోడ మీద మాట్లాడుతుంటే గొంతు మన తల వెనక నుంచి వస్తుంది. తెర కింద సౌండ్‌బార్ తప్పదు, అదీ వైరుతోనే. బ్లూటూత్‌లో పెదాలకూ మాటకూ పొత్తు కుదరని సందర్భాలు ఎక్కువ.

ఎండాకాలం సంగతి మన ఊరివాళ్లకు చెప్పేదేముంది. చాలా ప్రొజెక్టర్ల మాన్యువల్లో 35 లేదా 40 డిగ్రీల గది వేడి వరకే అని ఉంటుంది. మే నెలలో ఏసీ లేని హాల్లో ఫ్యాన్ గీపెడుతూ తిరుగుతుంది, మెల్లగా జరిగే సీన్లలో ఆ చప్పుడే వినిపిస్తుంది. బల్బు రకం తీసుకుంటే కరెంటు పోయినప్పుడు బల్బు చల్లారకముందే ఫ్యాన్ ఆగిపోతుంది. అది బల్బు ఆయుష్షును తినేస్తుంది, కాబట్టి ఇన్వర్టర్ లైన్ మీదే పెట్టాలి. బల్బు 4000, 5000 గంటలు వస్తుంది. రోజుకు ఐదు గంటల చొప్పున రెండు, రెండున్నరేళ్లు. లేజర్, ఎల్‌ఈడీ రకాలు 20,000 గంటలంటారు, అంటే పదేళ్ల పైమాటే. టీవీకి బదులుగా రోజూ వాడేదైతే బల్బు రకం జోలికి పోవద్దనే నా మాట.

ఇన్ని చెప్పినా, మా ఇంట్లో ఎవరూ ప్రొజెక్టర్ తీసేయమని అడగరు. ఏడున్నరకు ఐపీఎల్ మొదలయ్యేసరికి పక్క ఫ్లాట్ పిల్లలు కూడా చాపలు పట్టుకుని వచ్చేస్తారు. గరుడ సేవ రోజు కొండ మీది జనంలోకి పోలేని బంధువులంతా మా హాల్లోనే. ఆ రాత్రి వంద అంగుళాల్లో వాహనం కదులుతుంటే మా నాయన కుర్చీలోంచి లేచి దణ్ణం పెడతాడు. టీవీ ముందు ఆయన లేవడం నేను చూడలేదు.

అందుకని మేం రెండూ పెట్టుకున్నాం. గోడకు 43 అంగుళాల టీవీ, పగలు అది అవ్వది. సాయంత్రం దాని ముందుకు సీలింగ్ నుంచి మోటార్ తెర దిగుతుంది. 65 అంగుళాల టీవీ ఒక్కదానికి మీరు అనుకున్న డబ్బులో ఇదంతా రాదు, కొంచెం పైకి పోవాలి. పాత ధరల పోస్టులు చూసి లెక్కలు వేయకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీదా ప్రొజెక్టర్ల మీదా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొనడానికి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయేటట్టయితే డెమో గదిలో చీకట్లో చూపించగానే మురిసిపోకుండా ఒకసారి లైట్లు వేయమనండి.

టీవీయా ప్రొజెక్టరా అన్నది ఇప్పుడే తేల్చుకోకపోయినా ఫాల్స్ సీలింగ్ మూసేలోపు మూడు పనులు చేయించండి. తెర వచ్చే గోడ దగ్గర సీలింగ్‌లో, మోటార్ తెర లోపల ఇమిడేలా ఆరంగుళాల గాడి వదలమనండి. ప్రొజెక్టర్ వచ్చే చోట ఇన్వర్టర్ లైన్ ప్లగ్ పాయింట్ ఇప్పించండి. ఆ రెంటి మధ్య రెండంగుళాల పైపు వేయించండి. ఎలక్ట్రీషియన్ అలవాటుగా ముప్పావు అంగుళం పైపు వేసేస్తాడు, అందులో హెచ్‌డీఎంఐ కేబుల్ మూతి పట్టదు. కేబుల్ పది మీటర్లు దాటేటట్టుంటే ఫైబర్ రకం కొనండి. అది ఒక దిశలోనే పనిచేస్తుంది, అందుకే ఒక కొనపై సోర్స్ అని, ఇంకో కొనపై (ప్రొజెక్టర్ వైపు) డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. పైపులోకి ఎక్కించే ముందు ఏ కొన ఎటో చూసుకోమని మీ ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి.