కిటికీలో పెట్టిన ట్యూబు

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. లివర్ జబ్బును కంప్యూటర్‌తో కనిపెట్టే ప్రాజెక్టు చేస్తున్నావట. జబ్బు ఉందని చెప్పి ఊరుకోకుండా, ఎందుకట్లా అన్నదో కారణం కూడా చూపిస్తుందట. సంక్రాంతి తర్వాత హాలియాలో నీ ఫ్రెండు వాళ్ల అన్న క్లినిక్‌లో పెట్టి చూస్తావట. పొద్దున నల్లా దగ్గర నలుగురికి చెప్పుకుని మురిసిపోయాను. మధ్యాహ్నం నువ్వు పంపిన ఫైలు చదివాక మాత్రం అన్నం సయించలేదు. 30 ఏళ్లు దేవరకొండలో రక్తాలు తీసి, రిపోర్టులు రాసిన దాన్ని. కంప్యూటర్ సంగతి నీకు తెలుసు. దానికి నువ్విచ్చే అంకెలు ఎట్లా పుడతాయో నాకు తెలుసు.

నీకు తెలిసినవి తొందరగా చెప్పేస్తా. ఏ/జీ రేషియో, అంటే రక్తంలో ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ అనే ప్రోటీన్ల నిష్పత్తి, లేని నాలుగు వరుసలు ఏం చేశావో రాసి పెట్టుకో. పరీక్షకు పక్కన పెట్టిన కేసులను ముందే కంప్యూటర్‌కు చూపించకు. ఆఖరి మాట డాక్టరుదే.

మొదటి పేజీలోనే నూటికి 74 సరిగ్గా వచ్చాయని పెద్దక్షరాలతో రాశావు. నీ డేటాలో మొత్తం 583 మంది, జబ్బున్నవాళ్లు 416. వచ్చిన ప్రతి మనిషికీ కళ్లు మూసుకుని జబ్బే అని రాసేసినా నూటికి 71 సరిపోతాయి కదా బిడ్డా! ఆ పెద్దక్షరాలు తీసెయ్. జబ్బున్న మనిషిని ఎంతమందిని ఇంటికి పంపేసింది, బాగున్న మనిషిని ఎంతమందిని భయపెట్టింది, ఆ రెండు లెక్కలూ విడివిడిగా రాయి. ఆడవాళ్లకు మళ్లీ వేరుగా రాయి. అంతమందిలో వాళ్లు 142 మందే. పైగా ఆ డేటా ఆంధ్రప్రదేశ్ ఈశాన్య ప్రాంతంలో తీసింది. మన దగ్గర పత్తి చేన్లలో కూలికి పోయే ఆడవాళ్లను అది ఎన్నడూ చూడలేదు.

ఇక కారణం చూపించే ఆ గీతలు, జబ్బు వైపు తోసేవి ఎర్రవి, బాగున్న వైపు తోసేవి నీలంవి. వాటిని గీసే షాప్ (SHAP) అనే లెక్క ఏమిటో నీ తమ్ముణ్ని అడిగి చెప్పించుకున్నాను. పదిమంది కలిసి వరి కోస్తే ఎవరి కూలి వాళ్లకు పంచినట్టు, ఏ టెస్టు ఎంత తోసిందో పంచి చూపిస్తుందన్నాడు. బాగుంది. కానీ నీ పదిమందిలో కొందరు ఒకే ఇంటివాళ్లు. బిలిరుబిన్ అంటే పసిరికల్లో ఒంటిని పచ్చగా చేసే పదార్థం, అందులో డైరెక్ట్ బిలిరుబిన్ టోటల్ బిలిరుబిన్‌లో భాగమే. ఏ/జీ రేషియోను మేము ఆల్బుమిన్, టోటల్ ప్రోటీన్ నుంచే లెక్కగడతాం. ఒకరి కూలిని ఇద్దరి పేర్ల మీద రాస్తే ఇద్దరూ తక్కువ పని చేసినట్టే కనబడతారు. ఆ బిలిరుబిన్లు రెండింటినీ ఒకే గీతగా చూపించు. లివర్ టెస్టుల్లో చూసే ఎస్‌జీఓటీ అనే ఎంజైము కూడా ఒక్క లివర్‌ది కాదు, కండల్లోనూ ఉంటుంది. మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోసే హమాలీకి అది పెరిగితే తాగుబోతని ముద్ర వేయించకు. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ నీ డేటాలోనే లేవు. లివర్ గట్టిపడిపోయినవాళ్లకు ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైము నార్మల్‌గా వచ్చిన రిపోర్టులు నా చేత్తో నేనే రాశాను.

నా అసలు భయం ఇవేవీ కాదు. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను పనిలో చేరిన మూడో ఏడు. చిన్న ల్యాబు, రోడ్డు వైపు ఒకటే కిటికీ. మే నెల. తండా నుంచి ఒక అమ్మాయిని వాళ్ల నాయన తీసుకొచ్చాడు. నీ వయసే ఉంటుంది. పసిరికలు. మూడు రోజుల కింద చేసిన బిలిరుబిన్ 4.2. మళ్లీ చేయించమని డాక్టరు రాశాడు, డబ్బుల్లేక ఆ ఒక్క టెస్టే చేయించుకున్నారు. రక్తం తీసి, గడ్డకట్టాక పైన తేలే సీరం అనే నీటిని వేరు చేసేసరికి కరెంటు పోయింది. రంగు చూసి కొలిచే కలరీమీటర్ కరెంటు లేకుండా నడవదు. గదిలో చీకటికి ట్యూబుల మీద నంబర్లు కనబడటం లేదని స్టాండు తీసి కిటికీలో పెట్టాను. నేరుగా ఎండ పడే చోటు.

కరెంటు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పొద్దున తంగేడు పువ్వు రంగులో ఉన్న సీరం నిమ్మరసంలా వెలిసిపోయింది. కంటికి కనిపించింది, బుర్రకెక్కలేదు. టెస్టు చేస్తే 1.6. బిలిరుబిన్‌కు ఎండ తగలకూడదని నేను చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. అయినా సంబరపడి, "సగానికి పైగా తగ్గింది, ఇంకేం భయం లేదు" అన్నాను. ఆయన రెండు చేతులెత్తి నాకు దండం పెట్టాడు.

తగ్గుతోంది కదా అని ఆస్పత్రి మానేసి పసరు మందు పోయించారు. తొమ్మిదో రోజు ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ అట. కన్నతల్లిని పట్టుకుని నువ్వెవరని అడిగింది. హైదరాబాద్ పంపారు. తిరిగి రాలేదు.

ముందే పంపితే బతికేదా అంటే డాక్టరే చెప్పలేనన్నాడు. కానీ ఆ తొమ్మిది రోజులు పోగొట్టింది నేను.

ఇప్పుడు అట్లాంటి ట్యూబే నీ క్లినిక్‌కు వచ్చిందనుకో. టెక్నీషియన్ 1.6 అని కొడతాడు. బిలిరుబిన్ ఎర్ర గీత కుంచించుకుపోతుంది. నీ లెక్కలో ఒక్క తప్పు ఉండదు. నాది ఉత్త నోటి మాట, దాన్నే ఆ తండ్రి అంత నమ్మాడు. నువ్వు రంగులేసి, ఇదిగో కారణం అని చూపిస్తే డాక్టరు ఇంకెంత నమ్ముతాడు? నాకు అన్నం సయించనిది అందుకే.

గీతల కంటే పైన మూడు గళ్లు పెట్టు. రక్తం ఎప్పుడు తీశారు, టెస్టు ఎప్పుడు చేశారు, సీరం ఏ రంగులో ఉంది. ఎర్రగా ఉంటే రక్తకణాలు చితికినట్టు, ఆ ఎస్‌జీఓటీని నమ్మొద్దు. గళ్లు ఖాళీగా ఉంటే గీతలు రాకూడదు. పాత రిపోర్టుకూ కొత్తదానికీ పొంతన కుదరకపోతే మళ్లీ రక్తం తీయమని రావాలి. క్లినిక్‌కు పోయిన మొదటి రోజు లాప్‌టాప్ తెరవకు. ల్యాబ్‌లో స్టూలేసుకుని ఒక పూట కూర్చో. టెక్నీషియన్‌ను అన్నా అని పిలువు. కిటికీ ఎటు ఉందో చూసుకో.

కోప్పడినట్టు రాశానేమో, మనసులో పెట్టుకోకు. ఐదేళ్లప్పుడు ల్యాబుకొచ్చి నా పక్కన కూర్చుని, ఎర్ర మూతలు ఒక దిక్కు, ఊదా మూతలు ఒక దిక్కు ఒక్కటి కూడా కలవకుండా పేర్చేదానివి. ఆ చేతులే ఇప్పుడీ పని చేస్తున్నాయంటే నా కడుపు నిండినట్టుంది. రాత్రిళ్లు మరీ మేల్కోకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో, ఆ మూడు గళ్లు ఎక్కడ పెట్టావో నాకు చూపించాలి. సకినాలు చేసి ఉంచుతాను.

పైలం బిడ్డా.

మీ పెద్దమ్మ,
దేవరకొండ