సమాధానం: ప్రెప్ స్కూల్లో మా బాబుకు స్నేహితులు లేరు

ప్రెప్ స్కూల్లో, అంటే పదమూడేళ్ల లోపు పిల్లల ప్రైవేటు బడిలో, మీ బాబుకు స్నేహితులు లేరని అడిగారు. శనివారం బడి మ్యాచ్ అయిన వెంటనే బాబును కారెక్కించుకుని వచ్చేస్తున్నామని మీరే రాశారు. చిక్కంతా అక్కడే ఉన్నట్టుంది. ఇంగ్లండులోని డోర్సెట్ పల్లెపట్టున ఒకే తరగతి పిల్లల ఇళ్లు తలో ఊళ్లో ఉంటాయి, సాయంత్రం వీధిలో కలిసి ఆడుకునే వీలుండదు. ఎనిమిదేళ్ల పిల్లవాడిని ఎవరింటికి పంపాలో తేల్చేది వాళ్ల అమ్మానాన్నలు. వాళ్లకు మీ ముఖమే తెలియదు.

1. మ్యాచ్ తర్వాత రెండు జట్లకూ, తల్లిదండ్రులకూ బడిలో ఇచ్చే టీకి ఉండండి. చాలామంది వదిలేసేది ఇదే. మీవాడు చివరి జట్టులో ఉన్నా సరే, వెళ్లండి. బురద బూట్లు గుమ్మం దగ్గర విప్పేసి, అవతలి బడి పిల్లలకు కేకు పళ్లెం అందించండి. పక్కవాళ్లతో వాన గురించి రెండు మాటలు చాలు, ఇంగ్లండులో ఆ మాట ఎప్పుడూ వృథా పోదు. మేమూ మొదటి టర్మంతా మొహమాటపడి తప్పించుకున్నాం. మూడు శనివారాలు ఉన్నాక పుట్టినరోజు పిలుపు వచ్చింది.

2. ఎగ్జియట్ వారాంతంలో, అంటే టర్మ్ మధ్యలో హాస్టల్ పిల్లలు ఇళ్లకు వెళ్లే సెలవులో, చాలా బడుల్లో హాస్టల్ మూసేస్తారు. అప్పుడు తల్లిదండ్రులు విదేశాల్లో ఉన్న ఒక బోర్డర్‌ను (హాస్టల్లో ఉండే పిల్లవాడిని) మీ ఇంటికి పిలవండి. ముందు ఆ తల్లిదండ్రులను అడగండి, తర్వాత హాస్టల్ పిల్లలను చూసుకునే హౌస్‌పేరెంట్‌కు మెయిల్ పెట్టండి. రాతపూర్వక అనుమతి లేనిదే పంపరు.

3. ఇంటికొచ్చిన పిల్లవాడికి పులిహోర పెట్టండి, కానీ వేరుసెనగలు, జీడిపప్పు వేయకండి. అలర్జీలేమైనా ఉన్నాయా అని ముందే కనుక్కోండి.

బడి మార్చే ఆలోచన ఈస్టర్ దాకా ఆపండి.