ఐ-20తో పాటు వెళ్లే కాగితం

తమ్ముడూ,

నీ ముసాయిదా చదివాను. అమెరికాలో చదువుకోవడానికి వచ్చే విదేశీ విద్యార్థులకు మీ యూనివర్సిటీ ఐ-20తో (సీటు ఇచ్చామని చెప్పే, వీసాకి కావాల్సిన ఫారంతో) పాటు పంపే సమాచార పత్రాన్ని తిరగరాసే పని ఉద్యోగంలో చేరగానే నీ చేతికి రావడం మంచిదే. కథలు రాసుకునేవాణ్ణి, ఈ ఆఫీసు కాగితంతో నాకేం పని అని విసుక్కున్నావు. కథ నచ్చకపోతే పాఠకుడు పుస్తకం మూసేసి టీ తాగడానికి వెళ్తాడు. ఈ కాగితం చదివే పిల్లాడికి ఆ వీలు లేదు. నచ్చినా నచ్చకపోయినా చదవాలి, అర్థం కాకపోతే నష్టపోతాడు. అలాంటి పాఠకుడికి రాయడం వస్తే కథకి కూడా పనికొస్తుంది.

నువ్వు ఉత్తరంలో సగం రంగుల గురించి, బొమ్మల గురించి, అక్షరాల సైజు గురించి రాశావు. అవన్నీ ప్రస్తుతానికి పక్కన పెట్టు. ముందు ఐ-20ని తీసి బల్ల మీద పరుచుకో. అది ప్రభుత్వ ఫారం, అందులో నువ్వు ఒక్క అక్షరం మార్చలేవు. అయినా దాన్నే ముందు చూడమంటున్నాను, ఎందుకంటే దాన్ని కూడా ఒకసారి తిరగరాశారు. 2015 జూన్ 26న కొత్త రూపం వచ్చింది. పాతదాని మీద ఉండే బార్‌కోడ్ తీసేశారు. 2016 జూన్ 30 దాకా పాతది, కొత్తది రెండూ చెల్లాయి, జులై 1 నుంచి కొత్తది మాత్రమే. మొదటి పేజీలో విద్యార్థి వివరాలు, చదువు, ఖర్చు, సంతకాలు. రెండో పేజీలో ఉద్యోగ అనుమతులు, ప్రయాణ సంతకాలు (దేశం దాటి వెళ్లి మళ్లీ రావడానికి యూనివర్సిటీ అధికారి పెట్టేవి). మూడో పేజీలో సూచనలు. ఎవరు ఎప్పుడు ఏం వెతుకుతారో ఆలోచించి పేర్చిన వరుస అది.

ఆ ఫారంలో నాకు బాగా నచ్చిన గడి ఒకటుంది. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు విద్యార్థి అమెరికాలో అడుగుపెట్టకూడదన్నది నిబంధన. నీ ముసాయిదాలో ఆ నిబంధనని ఉన్నదున్నట్టు ఎక్కించావు. విద్యార్థి ఏం చేయాలి? క్యాలెండర్ తీసి, నెలకి 30 రోజులా 31 రోజులా అని వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి. కొత్త ఐ-20లో ఆ లెక్క ఫారమే చేసేసింది. దేశంలోకి రాగలిగే అతి ముందు తేదీ ఇదీ అని విడిగా ఒక గడిలో అచ్చవుతుంది. నిబంధనని చెప్పడానికీ, ఆ నిబంధన ఈ మనిషికి ఏ రోజున వర్తిస్తుందో చెప్పడానికీ తేడా అంతే. నీ కాగితంలో నిబంధన కనిపించిన ప్రతిచోటా ఆగి, ఈ లెక్క మనం చేసి పెట్టగలమా అని అడుగు. చేయలేకపోతే ఐ-20లో ఏ గడి చూడాలో చెప్పు. అది దిగే తేదీ, హైదరాబాద్‌లో విమానం ఎక్కే తేదీ కాదని కూడా ఒక్క ముక్క చేర్చు. టికెట్ కొనేది నాన్న, కాగితం చదివేది కొడుకు. ఇద్దరి మధ్యా ఈ ముక్క జారిపోతుంది.

తేదీల సంగతే ఇంకొకటి. నీ ముసాయిదాలో 08/07 అని రాశావు. అమెరికాలో అది ఆగస్టు 7, మనకి జులై 8. ఐ-20లో నెల పేరు అక్షరాల్లోనే ఉంటుంది చూడు. నువ్వూ అలాగే రాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నువ్వు ఈ కాగితాన్ని విద్యార్థి కోసం రాస్తున్నానని అనుకుంటున్నావు. నిజమే, కానీ విద్యార్థి ఒక్కడే కాదు దాన్ని చూసేది. మన ఊళ్లలో ఐ-20 వచ్చిందంటే ఇంటిల్లిపాదీ చూస్తారు. కన్సల్టెన్సీ వాళ్లు చూస్తారు. ఎడ్యుకేషన్ లోన్ కోసం బ్యాంకులో చూస్తారు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో వీసా ఆఫీసరు చూస్తాడు. ఎయిర్‌పోర్టులో ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు, తర్వాత డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చే డీఎంవీ గుమాస్తా కూడా చూస్తారు. ఐ-20ని ఇంతమంది తిరగేస్తుంటే దాంతో వచ్చిన నీ కాగితాన్ని పిల్లాడు ఒకసారి చదివి వదిలేయడు, ఒక్కొక్కరి ముందుకీ వెళ్లే ముందు మళ్లీ తీస్తాడు. పెళ్లి శుభలేఖ అందుకున్నవాళ్లు ముహూర్తం ఎప్పుడు, కళ్యాణ మండపం ఎక్కడ అనే చూస్తారు, శ్లోకం చదవరు. నీ ముసాయిదాలో మొదటి పేజీ అంతా శ్లోకమే. యూనివర్సిటీ చరిత్ర, డీన్ గారి స్వాగత వాక్యాలు, క్యాంపస్ ఫొటో. అవి వెనక్కి పంపు. డీన్ గారు ఒప్పుకోకపోతే వేరే కాగితం మీద వేయించు.

బ్యాంకు మాట వచ్చింది కాబట్టి ఖర్చుల భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఐ-20లో అంచనా ఖర్చు ఎన్ని నెలలకో అక్కడే రాసి ఉంటుంది, సాధారణంగా ఒక విద్యా సంవత్సరానికి. మన తల్లిదండ్రులు చాలామంది దాన్ని మొత్తం ఎంఎస్ ఖర్చు అనుకుంటారు. అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. అంకె పెద్దగా కనబడుతుంది, నెలలు చిన్నగా పక్కన ఉంటాయి. ఆ అంకె చూసి పొలం ఎంత అమ్మాలో, లోన్ ఎంత పెట్టాలో నిర్ణయించేస్తారు. రెండో ఏడాది ఫీజు దగ్గర ఇంట్లో గొడవ మొదలవుతుంది. నీ ముసాయిదాలో ఈ విషయం అసలు లేదు. ఇది ఇన్ని నెలల ఖర్చు మాత్రమే, మీ కోర్సు ఇంత కాలం, తర్వాతి ఏడాదికి మళ్లీ డబ్బు కావాలి అని మూడు చిన్న వాక్యాలు రాయి. ఆ మూడింటి కోసం డీన్ గారి స్వాగతం పూర్తిగా తీసేసినా నాకు బాధ లేదు.

తర్వాత పేర్లు. తెలుగువాడివి కాబట్టి ఇది నీకు చెప్పక్కర్లేదు, కానీ మీ ఆఫీసులో మిగతావాళ్లకి నువ్వే చెప్పాలి. మన ఇంటిపేరు ముందు వస్తుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటుంది. అలాంటివాళ్ల అమెరికా వీసా మీద ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (పెట్టిన పేరు తెలియదు అని దానర్థం) అని పడుతుంది. ఆ మూడక్షరాలు తన పేరేనేమో అని పిల్లాడు కంగారుపడతాడు, డీఎంవీ గుమాస్తా కూడా అనుకోవచ్చు. 2015 ఐ-20లో ఇంటిపేరు, పెట్టిన పేరు, పిలవమని కోరుకునే పేరు, పాస్‌పోర్టులో ఉన్న పేరు అని విడివిడిగా గడులు పెట్టారు. నువ్వు రాయాల్సింది ఒక్కటే: ఐ-20 చేతికి రాగానే పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని స్పెల్లింగ్ అక్షరం అక్షరం సరిచూసుకో, తేడా ఉంటే వీసా అపాయింట్‌మెంట్ కంటే ముందే మాకు మెయిల్ చెయ్. ఎవరికి మెయిల్ చేయాలో కూడా ఆ వాక్యంలోనే ఉండాలి. “సంబంధిత అధికారిని సంప్రదించవలెను” అన్న ధోరణిలో నువ్వు రాసిన వాక్యాలు చాలా ఉన్నాయి. సంబంధిత అధికారి ఎవరో తెలిస్తే పిల్లాడు నీ కాగితం చదవడు కదా!

ఆ సందర్భంలోనే ఇంకో మాట. అమెరికాలో ప్రభుత్వ శాఖలు ప్రజలకి అర్థమయ్యేలా రాయాలని 2010లో చట్టమే చేశారు. యూనివర్సిటీకి అది వర్తించదని నీ పై అధికారి అనొచ్చు. అయినా నీ పట్టు నువ్వు వదలకు. కాకపోతే సులువుగా రాయడం పేరుతో అన్ని మాటలూ మార్చేయకు. ఐ-20లో ఏ పేరుతో ఒక గడి ఉందో నీ కాగితంలో ప్రతిచోటా అదే పేరు వాడు. కోర్సు ముగిసే తేదీని నువ్వు ఒకచోట అలాగే రాశావు, ఇంకోచోట చదువు పూర్తయిన రోజు అన్నావు, మరోచోట పట్టా అందుకునే రోజు అన్నావు. కథలో ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తే చెవికి ఇంపుగా ఉండదని మార్చి ఉంటావు. ఇక్కడ అది ప్రమాదం. చదువయ్యాక ఉండనిచ్చే 60 రోజులు ఐ-20లోని ముగింపు తేదీ నుంచి లెక్క. కాన్వొకేషన్ రోజు నుంచి కాదు. ఓపీటీకి (చదివిన రంగంలో కొంతకాలం పని చేసుకోనిచ్చే అనుమతికి) దరఖాస్తు పెట్టుకునే గడువు కూడా ఆ తేదీకి ముందు 90 రోజులు, తర్వాత 60 రోజులు. మధ్యలో చదువు మానేసేవాళ్లకి ఆఫీసు అనుమతి ఉంటే 15 రోజులు, లేకపోతే ఏమీ లేదు. ఇన్ని లెక్కలు ఒక్క తేదీ మీద నిలబడి ఉంటే, ఆ తేదీకి మూడు పేర్లు పెడతావా?

ప్రయాణం గురించి రాసిన పేరాలో “ఐ-20ని భద్రపరచుకోవాలి” అన్నావు. మన పిల్లలు అలాగే భద్రపరుస్తారు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, సర్టిఫికెట్ల ఫైల్‌లో పెట్టి, ఆ ఫైల్‌ని ఆవకాయ సీసా పక్కన పెద్ద సూట్‌కేసులో పెట్టి, చెక్-ఇన్ చేసేస్తారు. అబుదాబి మీదుగా వెళ్లే అమెరికా విమానాలకి ఇమ్మిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. సూట్‌కేసు విమానం పొట్టలో, పిల్లాడు క్యూలో. కాబట్టి “చేతి సంచీలో పెట్టుకో” అని రాయి. భద్రం అన్న మాటే తీసేయ్. కోవిడ్ తర్వాత ఐ-20ని మెయిల్‌లో పీడీఎఫ్‌గా పంపుతున్నారు కదా, ప్రింట్ తీసి సంతకం పెట్టి తెచ్చుకోమని కూడా చెప్పు. ఇంటర్ అయ్యాక నేరుగా వచ్చేవాళ్లలో 18 ఏళ్లు నిండనివాళ్లు ఉంటారు, వాళ్లకి తల్లో తండ్రో కూడా సంతకం పెట్టాలి. నీ కాగితం కూడా చివరికి ఏ దిల్‌సుఖ్‌నగర్ జిరాక్స్ షాపులోనో నలుపు తెలుపులో ప్రింట్ అవుతుంది. ముఖ్యమైనవన్నీ ఎర్ర రంగులో పెట్టానని మురిసిపోతున్నావే, ఆ ఎరుపు అక్కడ బూడిద రంగైపోతుంది. పైగా నువ్వు పేజీలో సగం ఎరుపు చేశావు. భయపెడితే జాగ్రత్తగా చదువుతారనుకోకు. టెన్షన్‌లో ఉన్నవాడు కాగితం మూసేసి సీనియర్‌కి వాట్సాప్ చేస్తాడు.

ఆ సీనియర్లని తక్కువ అంచనా వేయకు. వాళ్లే నీకు అసలు పోటీ. పాత ఐ-20లో ప్రయాణ సంతకం మూడో పేజీలో ఉండేది, కొత్తదాంట్లో రెండో పేజీకి వచ్చింది. పాతది చూసినవాడు తన జూనియర్‌కి మూడో పేజీ అనే చెప్తాడు, ఆ జూనియర్ ఇంకొకడికి చెప్తాడు. ఫారం మారినంత త్వరగా నోటి మాట మారదు. నీ కాగితం అడుగున ఏ నెలలో సవరించారో వేయి, పాతదానికీ దీనికీ తేడా ఏమిటో రెండు వాక్యాల్లో రాయి. సీనియర్ చెప్పినదాన్ని పిల్లాడు సరిచూసుకోవడానికి అదొక్కటే ఆధారం.

నువ్వు అడిగిన ఇంకో ప్రశ్నకి జవాబు చెప్తాను. మంచి కాగితం రాస్తే పిల్లలు మోసపోకుండా ఉంటారా అన్నావు. ఉండరు. కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీ మీద వీసా మోసం కేసులో 2011లో ప్రభుత్వ దాడులు జరిగినప్పుడు అందులో ఉన్న విద్యార్థుల్లో ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్ వాళ్లే. కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. సగానికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నట్టు రికార్డుల్లో చూపించారు. కానీ వాళ్ల చేతిలోని ఐ-20లు విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే ప్రభుత్వ సెవిస్ సిస్టమ్ నుంచి వచ్చినవే. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీని అయితే వీసా మోసాలు పట్టుకోవాలని ప్రభుత్వమే వల పన్నడానికి నడిపింది. కాగితం ఎంత చక్కగా ఉన్నా దాని వెనక క్లాసు గది ఉందో లేదో అది చెప్పదు. నువ్వు చేయగలిగిందల్లా క్లాసులకి హాజరు కావడం, ఇల్లు మారితే చిరునామా చెప్పడం, అనుమతి లేకుండా పని చేయకపోవడం అనే మూడింటినీ సూటిగా, బెదిరింపు లేకుండా రాయడం. క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు అన్నప్పుడు, క్లాసులు నడిచే రోజుల్లో అన్న మాట వదిలేశావు. అది చేర్చు.

2023-24లో అమెరికాలో చదివే భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. మీ యూనివర్సిటీకి వచ్చేవాళ్లు వాళ్లలో కొద్దిమందే కావచ్చు. ఆ కొద్దిమందిలో ఐదారుగుర్ని పట్టుకుని ముసాయిదా చూపించు. అర్థమైందా అని మాత్రం అడగకు. మన పిల్లలు అర్థమైంది సార్ అనే అంటారు. నువ్వు ఏ తేదీ తర్వాత విమానం దిగొచ్చు, ఈ ఖర్చు ఎన్నాళ్లకి అని అడిగి వేలు కాగితం మీద ఎక్కడికి పోతుందో చూడు. వేలు తడబడిన చోట నీ వాక్యమే బాగాలేదు. కుదిరితే ఒక తండ్రికి కూడా ఫోన్‌లో చదివి వినిపించు. డబ్బు పేరా దగ్గర ఆయన వేసే ప్రశ్నలు రాసుకో.

ప్రయాణ సంతకం గురించిన పేరా నేను ముట్టుకోలేదు. ఆ సంతకం చెల్లేది మామూలుగా ఏడాది, ఓపీటీలో ఉన్నవాళ్లకి ఆరు నెలలు అని లెక్క, కానీ మీ డీఎస్‌ఓలు (ఐ-20 మీద సంతకం పెట్టే యూనివర్సిటీ అధికారులు) సంతకం కోసం ఎన్ని రోజుల ముందు అడగమంటారో నువ్వే కనుక్కుని రాయాలి. అది తేలాక ఖర్చుల పేజీతో కలిపి మళ్లీ పంపు, ఈ రెండే ముందు చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య